రెప్పపాటులో... గడప దాటితే?

గేటు తెరిచి ఉంటే చాలు, వెళ్లిపోతాడు. పిలిస్తే పలకడు. పేరడిగితే చెప్పలేడు. ఆటిజం, మేధోవైకల్యం లాంటి ఎదుగుదల సమస్యలున్న పిల్లల ఇళ్లలో ఇది ఏ ఒక్కరోజో వచ్చిపోయే భయం కాదు, తెల్లవారి లేచింది మొదలు వెంటాడే భయం. తలుపుకి తాళం వేస్తే ఆ భయం కాస్త తగ్గుతుందేమోగానీ పోదు. అసలా పిల్లాడు ఎటు వెళ్తున్నాడో తెలుసుకుని, ఆ దారి పొడవునా నలుగురి కళ్లను కాపలా పెట్టుకుంటేనే కన్నవాళ్లకు కంటినిండా నిద్ర!

పొయ్యిమీది పాలు దించి వచ్చేంత సేపు. కొరియర్ కుర్రాడి దగ్గర సంతకం పెట్టేంత సేపు. ఆరేసిన బట్టలు తీసుకుని మేడ దిగేంత సేపు. గడప దాటడానికి పిల్లలకు ఆ కాస్త సమయం చాలు. ఆ మాటకొస్తే పిల్లలన్నాక ఎవరైనా ఎప్పుడో ఒకసారి తప్పిపోతారు. జాతరలో చెయ్యి వదిలేస్తారు, పెళ్లి పందిట్లో కనపడకుండా పోతారు. కానీ కాసేపటికే అమ్మ పక్కన లేదని తెలుసుకుని గుక్కపెట్టి ఏడుస్తారు. ఆ ఏడుపు విని ఎవరో ఒకరు దగ్గరికి తీస్తారు. ‘మీ నాన్న పేరేంటమ్మా?’ అని అడిగితే వెక్కుతూనే చెబుతారు.

ఎదుగుదల సమస్యలున్న పిల్లల విషయంలో ఈ వరస మొత్తం తలకిందులవుతుంది. తాను తప్పిపోయానన్న సంగతే ఆ పిల్లాడికి తెలియకపోవచ్చు. అందుకే ఏడవడు. తన మానాన తాను నడుచుకుంటూ పోతుంటాడు. ఏడవని పిల్లాణ్ని ఎవరూ ఆపరు. పైగా చూడటానికి అందరిలాగే ఉంటాడు, చక్కగా బట్టలేసుకుని ఉంటాడు. పక్కింటి పిల్లాడేమో అనుకుని ఎవరి పనిలో వాళ్లుంటారు. అలా ఒక వీధి, రెండు వీధులు దాటిపోతాడు. ఆ తర్వాత పెద్ద రోడ్డు. లేదంటే చెరువు గట్టు.

పెంపకంలో లోపమా?

‘ఒక్క పిల్లాణ్ని చూసుకోలేకపోయారా?’ బిడ్డ దొరికాక తల్లికి మొదట వినిపించే మాట ఇదే. దొరక్కముందూ అదే. ఆ మాట ఎంత తప్పో ఓ అధ్యయనం లెక్కలతో సహా చెప్పింది.

అమెరికాలో ఆటిజం ఉన్న 1,218 మంది పిల్లలు, వాళ్ల తోబుట్టువులు 1,076 మంది గురించి తల్లిదండ్రులను అడిగి తెలుసుకున్న వివరాలను 2012లో ‘పీడియాట్రిక్స్’ వైద్య పత్రిక ప్రచురించింది. ఆటిజం ఉన్నవారిలో 49 శాతం మంది నాలుగేళ్ల వయసు దాటాక కనీసం ఒకసారైనా ఇలా వెళ్లిపోవడానికి ప్రయత్నించారు. 26 శాతం మంది కన్నవాళ్లు కంగారుపడేంత సేపు కనపడకుండా పోయారు. అలా పోయినవాళ్లలో 65 శాతం మంది వాహనాల కింద పడే ప్రమాదానికీ, 24 శాతం మంది నీట మునిగే ప్రమాదానికీ దగ్గరగా వెళ్లొచ్చారు.

ఇందులో అసలు గమనించాల్సింది తోబుట్టువుల సంగతి. అదే ఇల్లు, అదే తల్లి, అవే తలుపులు. అయినా ఆటిజం ఉన్న పిల్లలు వెళ్లిపోవడం వాళ్ల అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. పెంపకంలో లోపమే ఉంటే ఆ తేడా ఉండకూడదు కదా! వైద్యులు కూడా దీన్ని అల్లరిగా కొట్టిపారేయడం లేదు. అమెరికాలో 2011 నుంచీ వైద్య రికార్డుల్లో ఇలా తిరుగాడటాన్ని నమోదు చేయడానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది.

మన దగ్గరా ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. హైదరాబాద్ సహా దేశంలోని అయిదు ప్రాంతాల్లో జరిపిన ఓ అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఆటిజం, మేధోవైకల్యం, మూర్ఛ, వినికిడి లోపం లాంటి నాడీ సంబంధ ఎదుగుదల సమస్యల్లో ఏదో ఒకటి ఉందని అది చెప్పింది. వీళ్లందరూ ఇల్లు దాటి వెళ్లిపోతారని కాదు. కానీ తప్పిపోతే ఇంటి చిరునామా చెప్పలేని పిల్లలు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు.

ఎటు వెళ్తున్నాడు?

చూసేవాళ్లకు ‘పారిపోయాడు’ అనిపిస్తుంది. పిల్లాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఎక్కడికో వెళ్తున్నాడు, లేదా దేన్నుంచో తప్పించుకుంటున్నాడు. ఈ రెంటిలో ఏదన్నది తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

కొందరికి నీళ్లంటే ప్రాణం. వీధి కుళాయి దగ్గరో, కాలువ ఒడ్డునో గంటలకొద్దీ నిలబడతారు. కొందరికి రైళ్లు. గుడి గంట, లిఫ్టు, పిండిమర చప్పుడు, తిరిగే చక్రాలు... ఎవరి పిచ్చి వాళ్లది. ఒకసారి తీసుకెళ్లిన అమ్మమ్మగారింటి దారి మనసులో అచ్చుపడిపోయి, అటే నడిచేవాళ్లూ ఉంటారు. ఇంకొందరు ఇంట్లోని గోల భరించలేక బయటపడతారు. కుక్కరు కూత, మిక్సీ రొద, చంటిపాప ఏడుపు, ఇంటినిండా చుట్టాలు, దీపావళి టపాసులు... మనకు మామూలుగా అనిపించే శబ్దం వాళ్ల చెవుల్లో సమ్మెటపోటులా పడుతుంది. హోంవర్కు చేయమంటే లేచిపోయేవాళ్లూ ఉన్నారు.

అందుకే ప్రవర్తనా నిపుణులు ముందుగా ఓ నోటుపుస్తకం పెట్టమంటారు. అందులో మూడు గడులు. ముందు ఏం జరిగింది? పిల్లాడు ఏం చేశాడు? తర్వాత ఏం జరిగింది? ప్రతిసారీ తేదీ, వేళ రాసుకుంటూ పోవాలి. రెండు మూడు వారాలు అయ్యేసరికి అందులోంచి ఓ దారి కనిపిస్తుంది. ఉదాహరణకు, ఓ పిల్లాడు ఎప్పుడూ సాయంత్రం ఆరింటికే తలుపు దగ్గరికి చేరుతున్నాడనుకోండి. ఇంట్లో కుక్కరు పెట్టేదీ ఆ వేళకే, గుళ్లో గంట మోగేదీ ఆ వేళకే. కుక్కరు పెట్టని రోజు కూడా వెళ్తున్నాడా? ఒక్కరోజు చూస్తే తేలిపోతుంది. కుక్కరే కారణమైతే ఆ కాసేపూ వంటింటికి దూరంగా ఉంచి, చెవులకు రక్షణగా ఇయర్ మఫ్స్ పెట్టొచ్చు. గుడి గంటే కారణమైతే రోజూ అదే వేళకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లొచ్చు. కోరుకున్నది ఎలాగూ దొరుకుతుందన్న నమ్మకం కుదిరితే దొంగచాటుగా వెళ్లే అవసరం తగ్గుతుంది.

రెండో మెట్టు అడగటం నేర్పడం. మాటలు రాని పిల్లలకు ‘బయటికి’ అనే బొమ్మ కార్డు ఒకటి తలుపు పక్కనే తగిలిస్తారు. అది తెచ్చి అమ్మ చేతిలో పెడితే తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో పెట్టిన ప్రతిసారీ, ఒక్క అయిదు నిమిషాలైనా సరే, తప్పకుండా తీసుకెళ్లాలి. అప్పుడే కార్డుకున్న విలువ పిల్లాడికి అర్థమవుతుంది. దాంతోపాటు ‘ఆగు’ అన్న మాటకు ఠక్కున ఆగడాన్ని రోజూ ఓ ఆటలా నేర్పాలి. ముందు ఇంట్లో, తర్వాత వాకిట్లో, ఆ తర్వాత రోడ్డు పక్కన. ఇవన్నీ వారంలో వచ్చేవి కావు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఎన్‌.ఐ.ఇ.పి.ఐ.డి. ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తోంది. పాత తరానికి అది ఎన్‌.ఐ.ఎం.హెచ్‌.గా తెలుసు. పిల్లల స్థాయిని అంచనా వేసి, ఇంట్లో ఏం నేర్పాలో తల్లిదండ్రులకు అక్కడ చెబుతారు. ప్రభుత్వ పాఠశాలల పరిధిలోని ‘భవిత’ కేంద్రాల్లోనూ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు.

అన్నిటికన్నా ముందు నీళ్లు

ఈ పిల్లలకు అతి పెద్ద ప్రమాదం నీళ్లతోనే. ఆటిజం ఉండి నీట మునిగి చనిపోయిన 23 మంది పిల్లల ఉదంతాలను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో పరిశీలించారు. దాదాపు ముప్పావు వంతు ఇలా ఇల్లు దాటి వెళ్లినప్పుడు జరిగినవే. సగం వరకూ చెరువుల్లాంటి నీటి గుంటల్లోనే.

మన ఊళ్లలో చెరువులు, దిగుడుబావులు, పంట కాలువలు, ఇటుక బట్టీల కోసం తవ్వి వదిలేసిన గుంతలు... లెక్కపెడితే ఇంటి చుట్టూ అరకిలోమీటరులో ఒకటైనా ఉంటుంది. పట్నంలో అయితే ఇంటి ముందే సంపు. ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీసి, మళ్లీ వేయడం మరిచిపోయే ఇళ్లు ఎన్నో! అపార్టుమెంటు ఈతకొలను గేటు, పక్క స్థలంలో కడుతున్న ఇంటి నీళ్ల తొట్టి కూడా అంతే ప్రమాదం. ఓ ఆదివారం పూట ఇంట్లోవాళ్లంతా కలిసి చుట్టుపక్కల నడిచి, ఇలాంటివన్నీ ఓ కాగితం మీద రాసుకోవాలి. మూత లేనివాటికి మూత, కంచె లేనివాటికి కంచె వేయించమని కాలనీ సంఘాన్నో పంచాయతీనో అడగాలి. వీలైతే పిల్లాడికి ఈత నేర్పించాలి. చివర్లో ఓ రెండు మూడుసార్లు ఒంటిమీద బట్టలతోనే నేర్పించడం మంచిది. ఎందుకంటే నీళ్లలో పడే రోజున ఈత దుస్తులు ఉండవు కదా. అయితే ఈత వచ్చింది కదాని కాపలా సడలించకూడదు.

తాళం సరే... తాడు వద్దు

వెనకటి రోజుల్లో పాకే పిల్లల కాళ్లకు మువ్వల గజ్జెలు కట్టేవారు. ముచ్చట కోసమే కాదు, పిల్ల ఎటు పోతోందో వంటింట్లోని తల్లికి వినపడటానికి కూడా. ఇప్పుడు బజారులో దొరికే డోర్ అలారాలు చేసేదీ అదే పని. తలుపుకి ఒక ముక్క, ద్వారబంధానికి ఒక ముక్క అంటిస్తే, రెండూ విడిపోగానే మోగుతుంది. అదీ కొనలేకపోతే తలుపుకి గజ్జెల గుత్తి వేలాడదీసినా సరిపోతుంది.

గడియలు పిల్లాడి చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. కుర్చీ లాక్కుని ఎక్కే పిల్లలు ఉంటారు కాబట్టి తలుపు దగ్గర స్టూళ్లు, బల్లలు ఉంచకూడదు. మేడ మెట్లకు గేటు, బాల్కనీకి గ్రిల్లు తప్పనిసరి. లోపలి నుంచి తాళం వేస్తే మాత్రం తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోని పెద్దలందరికీ తెలియాలి, చీకట్లో కూడా తడుముకోకుండా అందాలి. మంటలు లేస్తే బయటపడటానికి ఆ తలుపు ఒక్కటే దారి.

అసలు చిక్కు రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లలో. అమ్మానాన్నా ఇద్దరూ కూలికి వెళ్లాలి. పిల్లాణ్ని ఎవరికి అప్పగించాలి? వేరే దారి తోచక నులకమంచానికో కిటికీ ఊచకో చీర కొంగుతో కట్టేసి వెళ్లే తల్లులు ఉన్నారు. కట్టేసేది కోపంతో కాదు, ఏ చెరువులో పడతాడోనన్న భయంతో. కానీ కట్టేసిన మనిషికి ఆపద వస్తే కదలడానికి ఉండదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఓ ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకునే దారిలేక చనిపోయారు. ఆ దుర్ఘటన దేశాన్నంతా కదిలించింది. ఇంట్లో తాడైనా, అక్కడి గొలుసైనా మంటకు తేడా తెలియదు.

అలాంటి తల్లికి ‘కట్టేయొద్దమ్మా’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ‘పొద్దున పూట మా ఇంట్లో వదిలిపెట్టు’ అనే పొరుగింటివాళ్లు కావాలి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టాలి. దగ్గర్లోని భవిత కేంద్రానికి దారి చూపాలి. వైకల్య ధ్రువీకరణ పత్రం, దాంతో వచ్చే పింఛను ఇప్పించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజం, మేధోవైకల్యం సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కాగితం మీది హక్కు ఆ గడప దాకా వెళ్లేది ఇలాంటి మనుషుల చేతుల మీదుగానే.

ఒంటిమీదే చిరునామా

చెప్పలేని పిల్లాడి తరఫున ఒంటిమీది వస్తువే మాట్లాడాలి. జాతరల్లో పోలీసులు పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీలు కడుతుంటారు. ఈ పిల్లలకు ఆ పట్టీ ఏడాది పొడవునా ఉండాలి. ‘నాకు మాటలు రావు, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అన్న వాక్యం, రెండు ఫోన్ నంబర్లు ఉంటే చాలు. తెలుగులో, ఇంగ్లిషులో కూడా రాయించాలి. తప్పిపోయిన బిడ్డ భాష తెలియని ఊళ్లో తేలవచ్చు. చేతికేదీ ఉంచుకోని పిల్లలకు చొక్కా లోపల అంచుకు, ప్యాంటు నడుముపట్టీకి, చెప్పుల అడుగున రాయొచ్చు. వెండి మొలతాడుకు చిన్న బిళ్ల చేయించేవాళ్లూ ఉన్నారు.

జీపీఎస్ గడియారాలు బాగానే పనికొస్తాయి. అయితే ఛార్జింగ్ అయిపోతే అది ఉత్త గడియారమే. సిగ్నల్ లేనిచోట దారి చూపదు. పిల్లాడు విప్పి పారేస్తే అసలుకే మోసం. అందుకని అది కాపలాకు తోడేగానీ కాపలా కాదు.

పిల్లాడి ఆధార్ సంగతి ముఖ్యం. అయిదేళ్లు నిండినప్పుడు, మళ్లీ పదిహేనేళ్లప్పుడు వేలిముద్రలు, కంటిపాప వివరాలు నమోదు చేయించాలి. ఎందుకో నాగ్‌పుర్ ఉదంతం చెబుతుంది. అక్కడి రైల్వేస్టేషన్లో 2011లో ఎనిమిదేళ్ల పిల్లాడొకడు ఒంటరిగా దొరికాడు. మేధోవైకల్యం ఉంది, ఊరూ పేరూ చెప్పలేడు. ఓ ఆశ్రమం నడిపే కుటుంబం చేరదీసి పెంచింది. పదేళ్ల తర్వాత బడి కోసం ఆధార్ తీయబోతే యంత్రం పదేపదే తిరస్కరించింది. ఆరా తీస్తే ఆ వేలిముద్రలతో 2011లోనే జబల్‌పుర్‌లో కార్డు తీసుకున్నట్టు బయటపడింది. ఆ చిరునామా పట్టుకుని వెళ్తే కన్నవాళ్లు దొరికారు. తప్పిపోకముందు తీసుకున్న ఆ వేలిముద్రలే 2021లో అతణ్ని ఇంటికి చేర్చాయి.

ముఖమే చిరునామా అయిన కథ మరొకటి. 2015 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని అలహాబాద్ ప్రాంతంలో తప్పిపోయిన ఓ పిల్లాడు అస్సాంలోని గోల్‌పారా బాలల సంరక్షణ కేంద్రానికి చేరాడు. అతనికీ వివరాలు చెప్పడం రాదు. తప్పిపోయిన పిల్లల ఫొటోలను ఆశ్రమాల్లో ఉన్నవారి ఫొటోలతో పోల్చడానికి తెలంగాణ పోలీసులు ‘దర్పణ్’ అనే ముఖ గుర్తింపు విధానాన్ని వాడుతున్నారు. రెండు ఫొటోలూ ఒకరివేనని అది గుర్తుపట్టడంతో 2020 అక్టోబరులో, అయిదేళ్ల తర్వాత, ఆ పిల్లాడు కన్నవాళ్లను చేరాడు. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జులైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరిట ఇలాంటి పిల్లల కోసం గాలిస్తుంటారు.

చిరునామా తెలియకపోతే వెతుకులాట ఎంత దూరం సాగుతుందో గీత కథ చూపింది. వినపడని, మాట్లాడలేని ఆ అమ్మాయి చిన్నప్పుడే దారితప్పి పాకిస్థాన్ చేరింది. 2015 అక్టోబరులో తిరిగి స్వదేశానికి వచ్చింది. మా ఊళ్లో నది, గుడి, రైల్వేస్టేషన్ ఉంటాయని సైగలతో చెప్పిన గుర్తులు పట్టుకుని 2020 డిసెంబరులో ఆమెను గోదావరి తీరంలోని మన బాసరకూ తీసుకొచ్చి వెతికారు. ఆమె మహారాష్ట్రలోని పర్భణీ ప్రాంతానికి చెందిన కుటుంబం బిడ్డ అని 2021లో వార్తలు వచ్చాయి.

బడి గేటు దగ్గర

న్యూయార్క్‌లో 2013 అక్టోబరు 4న అవాంటె ఒకెండో అనే పద్నాలుగేళ్ల అబ్బాయి బడి నుంచి పరుగున బయటికి వెళ్లిపోవడం కెమెరాలో రికార్డయింది. ఆటిజం ఉన్న ఆ అబ్బాయికి మాటలు రావు. నగరమంతా వెతికింది. మూడు నెలల తర్వాత, 2014 జనవరిలో నది ఒడ్డున అతడి అవశేషాలు దొరికాయి. ఇలా వెళ్లిపోయేవారిని వెతకడంలో పోలీసులకు శిక్షణ ఇవ్వడానికి, జాడ తెలిపే పరికరాలు అందించడానికి అమెరికా 2018లో తెచ్చిన చట్టానికి అతడి పేరు, 2008లో అయోవాలో నదిలో మునిగి చనిపోయిన కెవిన్ అనే తొమ్మిదేళ్ల బాలుడి పేరు పెట్టారు.

బడి ఎక్కడిదైనా చిల్లు పడే చోటు ఒక్కటే, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే సమయం. ఆటో దిగి గేటు లోపలికి వెళ్లేలోపు. ఇంటర్వెల్ గంట కొట్టాక. వార్షికోత్సవం రోజు, అందరూ స్టేజీ వైపు చూస్తున్నప్పుడు. కాబట్టి పిల్లాణ్ని చేర్చేటప్పుడే ‘మా వాడు వెళ్లిపోతాడు’ అని రాతపూర్వకంగా చెప్పాలి. సీటు రాదేమోనని దాచకూడదు. ఎవరు దింపుతారు, ఎవరు అందుకుంటారు, విరామంలో ఎవరు చూస్తారు అన్నవాటికి పేర్లతో సహా జవాబు ఉండాలి. వాచ్‌మన్‌కు, ఆయాకు, ఆటో డ్రైవరుకు పిల్లాడి ముఖం, అలవాట్లు తెలియాలి. డ్రైవరు మారితే ఆ మొదటిరోజు ఇంట్లోవాళ్లు వెంట వెళ్లాలి.

దాచితే నష్టం

చాలా కుటుంబాలు బిడ్డకున్న సమస్యను ఇరుగుపొరుగుకు చెప్పరు. చెల్లెలి పెళ్లి చెడుతుందనో, జాలిగా చూస్తారనో గుట్టుగా ఉంచుతారు. ఆ గుట్టే ఆపద వేళ శత్రువవుతుంది. పిల్లాడు ఎవరో తెలియని కాలనీలో అతను అందరి కళ్లముందే నడిచి వెళ్లిపోతాడు. తెలిసిన కాలనీలో మూడో ఇల్లు దాటేసరికి ‘ఏరా నాన్నా, ఎక్కడికి?’ అని ఎవరో చెయ్యి పట్టుకుంటారు.

కిరాణా కొట్టు అతను, ఇస్త్రీ బండి అతను, టీ కొట్టు, ఆటో స్టాండు, గుడి పూజారి, మసీదు దగ్గర కూర్చునే పెద్దాయన... రోజంతా వీధి మీదే కళ్లుండేది వీళ్లకే. పిల్లాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి ‘వీడు మా వాడండీ, ఒంటరిగా కనిపిస్తే ఆపి, ఫోన్ చేయండి’ అని నంబరు ఇచ్చి రావాలి. దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌లో కూడా ఓసారి పరిచయం చేసి, ఫొటో ఇవ్వడం మంచిది.

పెద్ద పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. పదహారేళ్ల కుర్రాడు మాట్లాడకుండా ఎవరింట్లోకో నడిచి వెళ్తే దొంగ అనుకుంటారు. 2018లో పిల్లల దొంగలు తిరుగుతున్నారన్న వాట్సప్ వదంతులు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల ప్రాణాలు తీశాయి. అడిగినదానికి జవాబు చెప్పలేకపోవడం నేరం కాదని ఊరందరికీ తెలిసి ఉండాలి.

కనపడకపోతే... ఆ మొదటి అరగంట

* ఇంట్లో మంచాల కింద, బీరువా వెనక, మేడమీద వెతకడం ఒకరి పని. అదే సమయంలో మరొకరు దగ్గర్లోని నీళ్ల దగ్గరికి పరుగెత్తాలి. అక్కడ లేడని తేలాకే మిగతా చోట్లు. ఆ తర్వాత రోడ్డు, రైలుపట్టాలు, పిల్లాడికి ఇష్టమైన తావులు.

* అయిదు పది నిమిషాల్లో జాడ తెలియకపోతే 112కు ఫోన్ చేయాలి. పిల్లల కోసం 1098, రైల్వేస్టేషన్ దగ్గర్లో ఉంటే 139 ఉన్నాయి. ‘ఆటిజం ఉంది, మాటలు రావు, నీళ్లంటే ఇష్టం’ అని మొదటి వాక్యంలోనే చెప్పాలి.

* ‘24 గంటలు చూసి రండి’ అనే మాటకు చట్టంలో చోటు లేదు. పిల్లలు తప్పిపోయినట్టు ఫిర్యాదు వస్తే తప్పనిసరిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలోనే ఆదేశించింది. ఏ స్టేషన్ పరిధి అన్నదాంతో నిమిత్తం లేకుండా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు.

* ఒకరు ఇంట్లోనే ఉండాలి. పిల్లాడు తిరిగి వస్తే తలుపు తీసే మనిషి కావాలి. తల్లి ఫోన్ ఖాళీగా ఉండాలి.

* పేరు పెట్టి గట్టిగా అరిస్తే కొందరు పిల్లలు ఇంకా దాక్కుంటారు. ఇష్టమైన పాట ఫోన్లో పెట్టి తిరగడం మేలు.

* వాట్సప్‌లో పెట్టే ఫొటో కింద తేదీ, వేళ రాయాలి. దొరికాక ‘దొరికాడు’ అని అన్ని గ్రూపుల్లోనూ చెప్పాలి. లేకపోతే ఆ ఫొటో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఇంత కంగారులో అన్నీ గుర్తుండవు. అందుకే ముందే ఒక్క పేజీలో వివరాలు రాసి, కొత్త ఫొటో అంటించి, ఫోన్లో కూడా పెట్టుకోవాలి. ఎత్తు, పుట్టుమచ్చలు, మాటలు వచ్చా రావా, ఏమంటే ఇష్టం, ఏమంటే భయం, ఏం చేస్తే శాంతిస్తాడు, వాడే మందులు, ఇంతకుముందు ఎక్కడ దొరికాడు... ఇవన్నీ అందులో ఉండాలి. ఆరు నెలలకోసారి ఫొటో మార్చాలి.

మీకు కనిపిస్తే...

రోడ్డు మధ్యలో భయం లేకుండా నడిచే పిల్లాడు. చెప్పులు లేకుండా, ఎండను లెక్కచేయకుండా, ఒంటరిగా. చేతులు ఆడిస్తూనో, ఒకే మాట పదేపదే అంటూనో. పిలిస్తే మీ వైపు చూడడు. అలా కనిపిస్తే వెనకనుంచి పట్టుకోవద్దు. ఎదురుగా, కాస్త దూరంలో, అతనికి సమానమైన ఎత్తులో వంగి, నెమ్మదిగా ఒకటి రెండు మాటలే మాట్లాడండి. జవాబు కోసం కాసేపు ఆగండి. చేతికి, మెడలో, చొక్కాకు నంబరు ఉందేమో చూడండి. లేకపోతే 112కో 1098కో ఫోన్ చేసి, ఎవరైనా వచ్చేదాకా తోడుండండి. ‘పాపం’ అని ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోవడం మంచితనమే అనిపించినా, కన్నవాళ్లకు దారి మూసేస్తుంది. దొరికిన పిల్లల గురించి 24 గంటల్లోగా తెలియజేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది.

బిడ్డ దొరికాక ఇంట్లో రెండు పనులు చేయకూడదు. ఒకటి, పిల్లాణ్ని కొట్టడం. ఎందుకు కొట్టారో అతనికి అర్థం కాదు, ఇల్లంటే భయం మాత్రం మిగులుతుంది. రెండోది, తల్లిని నిలదీయడం. రాత్రి చప్పుడైతే ఉలిక్కిపడి లేచేది ఆమే, స్నానానికి వెళ్లినా తలుపు వైపు చెవి ఒగ్గి ఉండేది ఆమే. ఆమెకు కావాల్సింది ప్రశ్నలు కాదు, రోజుకో రెండు గంటలు ‘నేను చూస్తాలే, నువ్వు పడుకో’ అనే మనిషి. భర్తైనా, అత్తగారైనా, ఎదురింటి పిన్నిగారైనా.

మీ వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. గేటుకి ఎప్పుడూ తాళం వేసి ఉండే ఇల్లు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎవరూ రాని ఇల్లు. ఈ ఆదివారం ఓసారి వెళ్లి ఆ పిల్లాడి పేరు అడగండి. అతనికి ఏమంటే ఇష్టమో కనుక్కోండి. వాళ్ల నంబరు మీ ఫోన్లో రాసుకోండి. ఆ ఇంటి కాపలాలో ఇంకో జత కళ్లు చేరినట్టే.